పద్నాలుగో గడిలో అడ్డగీత

అప్లికేషన్ ఫారంలో పద్నాలుగో గడికి అడ్డంగా ఒక గీత గీసి, అదీ స్కేలు పెట్టి మరీ గీసి, ఏమీ ఎరగనట్టు నా బల్ల మీద పెట్టింది ఆ అమ్మాయి. బయట వాన దంచుతోంది. తడిసిన గొడుగు మూసి కుర్చీకి ఆనించింది. అందులోంచి కారే నీళ్ళన్నీ నా చెప్పుల వైపే వస్తున్నాయి.

నా పేరు అభిలాష్. అంబాజీపేట దగ్గర ముత్యాలరాజు గారి కొబ్బరి పొడి ఫ్యాక్టరీలో హెచ్.ఆర్. ఎగ్జిక్యూటివ్‌ని. పేరు గొప్ప ఊరు దిబ్బ. నూట ఇరవై మంది హాజరు, సెలవులు, కేంటీన్లో సాంబారు పలచనైందన్న ఫిర్యాదులు, అన్నీ నా నెత్తినే. ఆ నెల ల్యాబుకి కెమిస్టు కావాలి. విదేశాలకి వెళ్ళే పొడిలో తేమ ఎంతుందో, నూనె ఎంతుందో చూసి సంతకం పెట్టే మనిషి. ఉన్నాయన మానేసి ఆరు వారాలైంది. సంతకం లేక రెండు లోడ్లు గోడౌన్లో ఆగిపోయాయి. రాజుగారు రోజూ పదిన్నరకి నన్ను పిలిచి ఎంతో మర్యాదగా తిడుతున్నారు. ఆయన తిట్టినా 'అండీ' పెట్టే తిడతారు.

ఫారం చూశాను. పేరు శారోన్. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, యూనివర్సిటీలో రెండో ర్యాంకు. అమలాపురంలో ఒక ప్రైవేటు ల్యాబులో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం, నాలుగేళ్ళుగా. మాకు కావలసిన మనిషి అచ్చం ఇలాగే ఉండాలి. అన్నీ బాగున్నాయి. పద్నాలుగో గడిలో 'ప్రస్తుత జీతం' అన్నచోట మాత్రం ఆ గీత.

"ఇది నింపలేదండి," అన్నాను.

"చూసే గీత గీసేనండి."

"అక్కడ అంకె రాయాలండి."

"ఎందుకండీ?"

నాలుగేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుంటున్నాను. ఎంతోమంది వచ్చారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. రూలన్నాను. ఆ రూలు ఎవరు పెట్టారంది. కంపెనీ అన్నాను. కంపెనీ అంటే ఎవరంది. చదువుకున్న వాళ్ళతో ఇదే తంటా.

"ఈ ఉద్యోగానికి మీరెంత అనుకున్నారో చెప్పండి. సరిపోతే చేస్తాను, లేకపోతే వెళ్ళిపోతాను. నాకిప్పుడెంత వస్తోందో మీకెందుకండీ?"

"మేమనుకున్నది చెప్పకూడదండి. కాన్ఫిడెన్షియల్."

"మీది కాన్ఫిడెన్షియల్, నాదైతే పద్నాలుగో గడా?"

నాకు ఒళ్ళు మండింది. మంటతో పాటు ఇంకోటి కూడా వచ్చింది, దాచడమెందుకు. ఆ మాట అంటూ నవ్వాపుకోవడానికి కింది పెదవి పంటితో పట్టుకుంది. అది చూసి నేను అనాల్సిన మాట మర్చిపోయాను. మర్చిపోయినందుకు ఇంకా మండింది.

అసలు సంగతేమిటంటే, ఆ ఉద్యోగానికి ఇరవై ఎనిమిది వేలదాకా ఇవ్వొచ్చని రాజుగారే కాగితం మీద రాసిచ్చారు. కానీ ఆయన పద్ధతి వేరు. వచ్చినవాళ్ళ ఇప్పటి జీతం చూసి దాని మీద ఇరవై శాతం కలిపి ఇస్తారు. పది వేల మనిషికి పన్నెండు వేలు. పద్దెనిమిది వేల మనిషి అదే కుర్చీలో కూర్చుంటే ఇరవై ఒకటీ చిల్లర. తక్కువ జీతంతో మొదలైనవాడు ఎక్కడికెళ్ళినా ఆ తక్కువ వాడి వెంటే వస్తుంది. నాకిది తెలుసు. తెలిసే నాలుగేళ్ళుగా ఆ గడి నింపిస్తున్నాను.

శారోన్ ఫారం అలాగే వదిలేసి గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు కంప్యూటర్లో ఎక్కించబోతే పద్నాలుగో గడి నింపనిదే ముందుకి పోనంది. సున్నా వేశాను. అనుభవం లేని అభ్యర్థి అని తీసి అవతల పారేసింది. రాజుగారి దగ్గరికెళ్ళి, అమ్మాయి మంచి కేండిడేటు, ఆ ఒక్క గడి వదిలేద్దామన్నాను. గడి ఖాళీగా ఉంచేరంటే ఏదో దాస్తున్నట్టు కదండీ అన్నారు ఆయన. శారోన్‌కి మూడు రోజుల్లో ఐదుసార్లు ఫోన్ చేశాను. ఐదుసార్లూ ఎత్తింది, ఐదుసార్లూ మర్యాదగా మాట్లాడింది, ఐదుసార్లూ చెప్పనంది. నాలుగోసారికి, అభిలాష్ గారూ మీరు భోంచేసేరా అని అడిగింది. ఆ ప్రశ్నకి రాత్రంతా నిద్ర పట్టకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు.

ఆదివారం చర్చికి వెళ్తే గుమ్మంలో ఆవిడే. మాది ఒకే సంఘమని అప్పుడు తెలిసింది. వాళ్ళ నాన్న యాకోబు మాస్టారిని నేనెరుగుదును. ఆలమూరు వైపు హైస్కూల్లో చేసి రిటైరై, నాలుగు నెలల కిందట మా ఊళ్ళో ఇల్లు తీసుకున్నారు. కూతురుందని తెలుసు గాని, ఆదివారాలు కూడా ల్యాబులో డ్యూటీ అని ఎప్పుడూ వచ్చేది కాదు. వందనాలండి అన్నాను. వందనాలండి అంది, ఇక్కడ కూడా ఫారం తెచ్చేరా అన్నట్టు చూస్తూ.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ఎవరెంత దశమభాగం వేశారో మూడు నెలలకోసారి టైపు చేయించి గుమ్మం పక్కన బోర్డుకి అంటిస్తారు. లెక్క తేటగా ఉండాలన్న మంచి ఉద్దేశమే. కానీ దశమభాగమంటే రాబడిలో పదోవంతు. పదితో హెచ్చవేయడం రెండో తరగతి పిల్లలకీ వచ్చు. ఆరాధన అయ్యాక ఆ బోర్డు ముందు నిలబడి ఊళ్ళో జీతాలన్నీ మనసులో లెక్కగట్టేస్తారు. సంబంధాలు చూసుకునేవాళ్ళయితే ముందు ఆ బోర్డు దగ్గరికే వస్తారు. మా ఇంటి మొత్తం మాత్రం అమ్మ పేర ఒకేచోట పడుతుంది, ఆవిడ పెన్షనూ నా జీతమూ కలిపి. అమ్మ పేరు నిర్మల. నర్సుగా రిటైరైంది. ఆ జాబితా టైపు చేయించేది కూడా ఆవిడే.

చూడకూడదనే అనుకున్నాను. కాళ్ళు అటే వెళ్ళాయి. కుమారి శారోన్, నెలకి రెండు వేల ఐదు వందలు. అంటే పాతిక వేలు.

అక్కడే నిలబడి తల పట్టుకున్నాను. పాతిక వేలు తెచ్చుకుంటున్న మనిషి ఇంత రచ్చ చేయడమేమిటి? ఆ అంకె రాసుంటే మొదటి రోజే ఇరవై ఎనిమిది వచ్చేది. నన్ను ఐదు ఫోన్లు చేయించడం సరదా కాకపోతే ఏమిటి. సోమవారం ఆఫీసుకెళ్ళి పద్నాలుగో గడిలో ఇరవై ఐదు వేలు కొట్టేశాను. కంప్యూటర్ కిక్కురుమనకుండా తీసుకుంది. ఇంటర్వ్యూ బుధవారమని మెసేజ్ పెట్టాను. గడి ఏం చేసేరని అడిగింది. దాని సంగతి నేను చూసుకున్నాలెండి అని గొప్పగా జవాబిచ్చాను. థాంక్సండి అంటూ నవ్వు బొమ్మ పెట్టింది. ఆ బొమ్మని నేను ఎన్నిసార్లు చూసుకున్నానో చెప్పను.

బుధవారం రాజుగారు ముందు ల్యాబుకి తీసుకెళ్ళారు. రెండు పొట్లాల పొడి ఇచ్చి పరీక్ష చేయమన్నారు. శారోన్ గంటసేపు తల ఎత్తలేదు. మొదటిది బాగుందండి, రెండోది సరిగ్గా ఆరలేదు, ఇలాగే పంపితే ఓడలోనే కంపు పట్టేస్తుందండి అని చెప్పింది. ఆ రెండోది ఎలా ఉంటుందో రాజుగారికి ముందే తెలుసు. ఆయన మొహం వికసించింది. నాకు గాల్లో తేలుతున్నట్టుంది.

గదిలోకి వచ్చి కూర్చున్నాక ఆయన ప్రింటవుట్ తీశారు. ఇప్పుడు పాతిక వస్తోందన్నమాట, మంచిది, మూడు నెలల జీతం స్లిప్పులు ఇప్పించండి అన్నారు.

శారోన్ ఆ కాగితం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపుని ఇప్పటికీ తల్చుకోను.

"ఇది నేను రాయలేదండి," అంది.

"కాగితం మీద ఉందండీ," అన్నారు రాజుగారు. గొంతు ఇంకా మెత్తగానే ఉంది. "పాతిక వస్తోందని రాయడం, స్లిప్పు అడిగితే రాయలేదనడం, ఇలాగైతే ఎలాగండీ? మీరు వేసిన అంకె కింద సంతకం చూసి దేశం కాని దేశంలో నా సరుకు దించుకుంటారు. అక్కడ మీరు అబద్ధం రాస్తే నా గతేంటి? ఈ విషయం మీ పాత ల్యాబువాళ్ళకి కూడా చెప్పవలసి ఉంటుందండి."

ఉద్యోగం పోవడం ఒకెత్తు. మా కోనసీమలో ల్యాబులు నాలుగు. ఆ నలుగురూ పొద్దున్నే ఒకరితో ఒకరు ఫోన్లో మాట్లాడుకుంటారు. దొంగ అంకెల అమ్మాయి అని పేరు పడితే ఆవిడ ఇంకెక్కడా సంతకం పెట్టలేదు. కంప్యూటర్ తప్పని ఒక్క మాట అంటే నేను తప్పించుకోవచ్చు. అందామనే నోరు తెరిచాను. ఆవిడ నా మొహంకేసి చూడకుండా సంచీ సర్దుకుంటోంది.

"సార్, అది నేను రాసేను," అన్నాను.

"తమకెవరు చెప్పేరండీ?"

చర్చి బోర్డు, పదోవంతు, హెచ్చవేత, అన్నీ చెప్పాను. చెబుతుంటే నాకే ఎంత బుద్ధితక్కువ పనో తెలిసింది. శారోన్ కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చి వదిలింది.

"అది నా జీతంలోది కాదండి. మా నాన్నగారు తన పెన్షన్లోంచి నా పేర వేస్తున్నారు. మా అమ్మాయికి దేవుడు పాతిక వేల ఉద్యోగం ఇస్తాడు, ఇచ్చేక వేయడం కాదు నమ్మితే ముందే వేయాలి అంటారండి. వద్దంటే వినరు. మందులు మానేసి మరీ వేస్తున్నారు."

రాజుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మనసు కరిగిందనుకున్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని, అయితే మరి అసలు మీకెంత వస్తుందండీ అన్నారు.

నాకు గోడకి తల బాదుకోవాలనిపించింది.

"చెప్పనండి," అంది శారోన్. సంచీ కింద పెట్టేసింది. "కరోనాలో సగం జీతానికి చేరేను. మిగతా సగం తర్వాత ఇస్తామన్నారు. ఇప్పటికీ ఇవ్వలేదు. ఆ సగం చెప్తే మీరు దాని మీదే లెక్కేస్తారు. మీరు కాయ కొనేటప్పుడు, కిందటేడు ఎంతకమ్మేవని రైతుని అడుగుతారాండీ?"

"అడుగుతానండి. అడక్కేం."

"చెప్తారా?"

"ఎందుకు చెప్తారండీ. చెప్తే ఆ రేటుకే బేరమాడతానని తెలీదా వాళ్ళకి?"

"మరప్పుడేం చేస్తారండీ?"

"ఏం చేస్తాను. కాయ చూసి, ఆ రోజు మార్కెట్ రేటెంతుంటే అంతకి..."

రాజుగారు అక్కడ ఆగిపోయారు. చివరికి ఆయన నా వైపు తిరిగి, దీనికి మనమెంత అనుకున్నామండీ అన్నారు. ఇరవై ఎనిమిది సార్ అనేశాను. తమ నోట్లో నువ్వుగింజ నానదు కదండీ అన్నారు. ఇరవై ఎనిమిదైతే చేస్తానండి అంది శారోన్. సోమవారం చేరమన్నారు. నాకు మాత్రం ఆ ఏడు ఇంక్రిమెంటు లేదన్నారు, అది కూడా 'అండీ' పెట్టే.

పద్నాలుగో గడి తీసేయమని ఆయన చెప్పలేదు. నేనే తీసేశాను. ఆయన ఇంతవరకూ చూసుకోలేదు.

గేటు దాకా వెళ్ళి శారోన్‌కి క్షమించమని చెప్పాను. మీరు నిజం చెప్పేరు కాబట్టి ఉద్యోగం వచ్చింది, మీరు అబద్ధం రాసేరు కాబట్టి పోబోయింది, రెండూ చెల్లు అంది. ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

చెల్లంటే ఏమిటో తర్వాత రెండు నెలలూ చూపించింది. పొద్దున్న వచ్చి హాజరు వేసుకుంటుంది, ల్యాబులోకి పోతుంది. నాతో మాట్లాడాల్సినవన్నీ మెయిల్లోనే. ఒకసారి నేనే ల్యాబుకి వెళ్ళి, ఏమైనా ఇబ్బందులున్నాయా అని అడిగితే, ఉన్నాయండి, మీరు తలుపు వేయలేదు, గాలికి త్రాసు ఊగుతోంది అంది. మా అమ్మకి చెప్పుకుంటే, ఆ పిల్ల బంగారంరా అని ఆవిడ వైపే మాట్లాడింది. ఇంట్లోనూ నాకు దిక్కు లేదు.

ఒక సాయంత్రం బస్సుల సమ్మె. పైగా వాన. ఫ్యాక్టరీ ముందున్న టీ కొట్టు రేకుల కింద ఇద్దరమే చిక్కుకున్నాం. రేకుల మీద చినుకుల మోతకి గట్టిగా మాట్లాడితే గాని వినపడదు. శారోన్, ఒకటి చెప్పండి, ఆ రోజు ఎందుకు రాసేరు అని అడిగింది.

"ఫారం కదలట్లేదండి."

"ఫారాలు కదలకపోతే మీరు అందరికీ రాసేస్తారా?"

"రాయనండి."

"మరి నాకెందుకు రాసేరు?"

మీరు రాకపోతే ఈ ఆఫీసుకి నేనెందుకు రావాలో తెలియలేదండి, అన్నాను. అన్నాననే అనుకున్నాను. వాన మోతలో ఆవిడకి వినిపించిందో లేదో తెలియలేదు. టీ గ్లాసు కింద పెట్టి, నా తరఫున పనులు నన్నడక్కుండా చేయకండి, నాకు కోపం అంకె గురించి కాదు, అంది. ఆ ముక్క రెండు నెలల కిందటే చెబితే ఏం పోయేదో. కాని మర్నాటి నుంచి మెయిల్ రాయడం మానేసి నేరుగా వచ్చి అడగడం మొదలుపెట్టింది. కేంటీన్లో సాంబారు పలచనైందన్న ఫిర్యాదు కూడా తనే స్వయంగా తెచ్చి ఇచ్చింది. మూడు నెలలు అలా గడిచాయి. ఇష్టమని చెబుదామని రోజూ అనుకునేవాణ్ణి. ఆవిడకి ఇరవై ఎనిమిది, నాకు పంతొమ్మిది. నోటి దాకా వచ్చిన మాటని ఆ తొమ్మిది వేలు వెనక్కి లాగేసేవి.

నేను చెప్పేలోపు మా అమ్మ చెప్పేసింది. నాతో కాదు, శారోన్‌తో కాదు, నేరుగా యాకోబు మాస్టారితో. ఆ శనివారం మాస్టారు కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చేదాకా నాకు సంగతే తెలియదు. చొక్కా మార్చుకోవడానికి కూడా టైమివ్వలేదు.

మాస్టారు మంచివారే గాని నలభై ఏళ్ళు క్లాసులో ప్రశ్నలడిగిన మనిషి. అబ్బాయి పర్మనెంటా, పి.ఎఫ్. ఉందా, సెలవులెన్ని, ఇల్లు ఎవరి పేర, అన్నీ వరసగా అడిగారు. అమ్మ జంతికలు పెడుతూ అన్నిటికీ తనే జవాబిచ్చింది. చివరికి జీతం దగ్గరికి వచ్చారు. మా అమ్మ కళ్ళు ఆర్పకుండా ముప్పై వేలంది. ఆవిడ పెన్షన్ ముప్పై. దాన్ని నాకు జీతం చేసి, నా పంతొమ్మిదిని ఆవిడకి పెన్షన్ చేసింది. బోర్డు మీద మొత్తం ఎలాగూ సరిపోతుంది.

శారోన్ జంతిక కొరకబోయి ఆగింది. నాకు ఒకటే గుర్తొచ్చింది. ఆ అమ్మాయి పేరు పక్కన ఒకసారి దొంగ అంకె పడితే ఏమైందో నా కళ్ళతో చూశాను. ఇప్పుడు నా పేరు పక్కన పడుతోంది, అది కూడా ఆవిడ కళ్ళ ముందు. నిజం చెబితే సంబంధం పోవచ్చు. చెప్పకపోతే ఆవిడ మొహం చూడలేను.

"పంతొమ్మిది వేలు మాస్టారూ," అన్నాను. "ముప్పై అమ్మ పెన్షనండి. ఈ ఏడు నాకు ఇంక్రిమెంటు కూడా లేదు."

అమ్మ నన్ను చూసిన చూపుకి జంతికలు మళ్ళీ వేగిపోవాలి. మా అమ్మాయికి ఇరవై ఎనిమిది కదా బాబూ అన్నారు మాస్టారు, ఎవరినీ నొప్పించకుండా. ఆయ్, తెలుసండి అన్నాను. ఇద్దరికీ తొమ్మిది తేడా అన్నారు. ఆయ్ అన్నాను. రేపు ఇద్దరి మధ్యా అది మాటగా వస్తుందేమో అన్నారు. మంచినీళ్ళు తాగాను. అమ్మ అందుకుని, మా వాడికి ముందు ముందు పెరుగుతుందండి అంది. ఎంత పెరగొచ్చన్నారు మాస్టారు. పెళ్ళిమాటలు కాస్తా వేలంపాటలాగా అయిపోయాయి.

శారోన్ పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"నాన్నగారూ, ఆయనకెంత వస్తుందో నేనడగలేదు. ఇంక మీరూ అడగకండి. ఆయన చెప్పకుండా ఊరుకోవచ్చు, అయినా చెప్పేరు. నాకది చాలు." తర్వాత నా వైపు తిరిగింది. "మీ మీదే నాకు కోపంగా ఉందండి. ఇంతసేపట్నుంచి పంతొమ్మిదన్నారు, ఇంక్రిమెంటు లేదన్నారు. నన్నడగాల్సింది ఒక్కటీ అడగలేదు. అది కూడా మీ అమ్మగారే నింపాలా?"

అమ్మ నోరు తెరిచింది. వద్దమ్మా అన్నాను. ఎందుకో ఆవిడ నిజంగానే మూసుకుంది.

"మీరంటే నాకు మొదటిరోజు నుంచీ ఇష్టమండి," అన్నాను. "నాకంటే ఎక్కువ తెచ్చుకుంటున్నారని చెప్పడానికి సిగ్గుపడ్డాను. అది నా తప్పు. నన్ను చేసుకుంటారా?"

మాస్టారు ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నారు. అమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శారోన్ పళ్ళెం ముందుకి లాక్కుని, ఇందాక ఆపేసిన జంతిక తీరిగ్గా కొరికి, నమిలి, మింగింది. నా ప్రాణం అక్కడే గుటకలేసింది.

"ఆయ్," అంది.

ఆ ఒక్క మాట అడగడానికి నాకు ఐదు నెలలు పట్టింది.